మురాఫా, నిగ్రానీ, నజర్‌సానీ



కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు బాటలో కొండగట్టు చేరువకు రాగానే బస్సు సగము ఖాళీయగును. ఆంజనేయస్వామికి మొక్కు చెల్లింప వచ్చినవారు, దీక్షావస్త్రములు ధరించిన పడుచువారు, మనస్సు చెదరిన బిడ్డను వెంటబెట్టుకొని మండలము దినములు స్వామి సన్నిధిని గడపవలెనని వచ్చిన తల్లులు అందరును దిగిపోవుదురు. దిగకుండ మిగిలినవారిలో, ఒడిలో గుడ్డసంచి నుంచుకొని దానిపై రెండు చేతులును వేసి కూర్చున్న రైతొకడు తరచుగా కనబడును. ఆ సంచిలో పహాణీ నకళ్లు, ఒకనాటి సాదాబైనామా కాగితము, మడతలవద్ద చినిగిన తీర్పు ప్రతి ఉండును. అతడు జగిత్యాల కోర్టులో పేషీకి పోవుచున్నాడు. న్యాయవాదవృత్తిలో చిరకాలము ఆ బస్సుననే పోయి వచ్చిన నాకు, కొండ యెక్కువానికిని కోర్టు మెట్లెక్కువానికిని మనస్సులో ఉండు ఆశ ఒకటేయని అనేక పర్యాయములు తోచినది. తనమాట క్రింద ఎవ్వరును వినలేదు, పైనున్నవాడు వినునని ఇరువురి నమ్మకము.

"కింద ఓడిపోతే ఏమాయె వకీల్ సాబ్, పైన ఇంకొకటి ఉన్నది గద" అని నాతో అన్నవారు లెక్కకు మిక్కిలి. ఆ మాటలో సగము సత్యము కలదు, సగము ప్రమాదము కలదు. కొండ యెక్కినకొలది మనిషి చూపు విశాలమగును. న్యాయస్థానముల మెట్లెక్కినకొలది కక్షిదారుడు చెప్పుకొనగల మాట కురచయగుచు వచ్చును. క్రింది కోర్టులో అతని బ్రతుకంతయు వినిపింపవచ్చును; జిల్లా కోర్టులో వ్రాతలోనికి ఎక్కిన బ్రతుకు మాత్రమే వినిపింపవచ్చును; హైకోర్టు చేరునప్పటికి ఆ బ్రతుకునుండి పుట్టిన న్యాయశాస్త్రప్రశ్న యొకటి ఉన్నదా లేదా యనునదియే మిగులును. ఈ సంగతి దావా వేయుటకు పూర్వమే తెలిసియున్నచో ఎన్ని కుటుంబములు ఎంత వ్యథను తప్పించుకొనియుండునో తలచుకొని, నేటి ప్రసంగమునకు ఈ విషయమునే ఎన్నుకొంటిని.

మన ప్రాంతమునకు ఈ విషయమున ఒక భాగ్యము కలదు. నైజాం ఏలుబడిలో ఇచ్చటి కోర్టుల భాష ఉర్దూ. అపీలును మురాఫా అనియు, రివిజనును నిగ్రానీ అనియు, రివ్యూను నజర్‌సానీ అనియు నాటివారు వ్యవహరించిరి. నేను వృత్తిలో చేరిన తొలినాళ్లలో వృద్ధులైన వకీళ్లు ఈ మూడు మాటలనే వాడుచుండగా విని, ఇంగ్లీషు గ్రంథములలో పుటలకొలది చదివినను స్పష్టపడని భేదము ఒక్క క్షణమున గ్రహించితిని. మురాఫా యనగా వ్యాజ్యమును మీదికెత్తి పై న్యాయమూర్తి ఎదుట నిలుపుట. నిగ్రానీ యనగా కావలి, క్రిందివాడు తన హద్దు దాటకుండ పైవాడు కనిపెట్టియుండుట. నజర్‌సానీ యనగా రెండవ చూపు, తీర్పు చెప్పినవాడే తాను వ్రాసినదానిని మరల ఒకసారి చూచుకొనుట. మూడింటికిని ఉద్దేశము వేరు, ద్వారము వేరు. కావలివానిని పిలిచి పొలము దున్నుమన్నచో ఎట్లుండునో, నిగ్రానీలో సాక్షుల మాటలన్నియు తిరిగి తూచుమనుట అట్లుండును. ఐనను మన కక్షిదారులకు ఈ మూడును ఒక్కటిగనే కనబడును. "పైకి వేసినాము" అనెడి ఒక్క మాటతో మూడింటిని కలిపివేయుదురు.

మల్యాల మండలములో అన్నదమ్ముల నడుమ ఒక గెట్టు తగాదాను ఊహింపుడు. దావా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో, మనవారి నోట నేటికిని మున్సబు కోర్టుగ నిలిచినదానిలో, నడచినది, వాది ఓడెను. 30 దినములలో అతడు పైకోర్టునకు అపీలు చేసికొనవచ్చును. అపీలు హైకోర్టుకే పోవలసినదైనచో గడువు 90 దినములు. మొదటి అపీలు మిక్కిలి విలువైన హక్కు. అందు వ్యాజ్యమంతయు, వాస్తవములును చట్టమును రెండును, తిరిగి తెరువబడును. క్రింది తీర్పుతో ఏకీభవించితినని ఒక్క వాక్యము వ్రాసి అపీలును కొట్టివేయుటకు న్యాయమూర్తికి అధికారము లేదు. తేల్చవలసిన అంశములేవి, తాను ఏమి తేల్చెను, ఏ కారణములచేత తేల్చెనో వ్రాయవలెనని సివిల్ ప్రొసీజర్ కోడు 41వ ఆర్డరు 31వ రూలు శాసించుచున్నది. ఈ రూలును పాటింపకపోవుట చిన్న లోపము కాదని సుప్రీంకోర్టు 2001లో సంతోష్ హజారీ వ్యాజ్యమున గట్టిగ చెప్పినది. మొదటి అపీలు కోర్టే వాస్తవములను తూచు చివరి త్రాసు కావున, అచ్చట తూనిక సరిగా జరుగనిచో ఆ లోటును పూరించు స్థానము మరియొకటి లేదు.

ఐనను ఆ త్రాసులో వేయబడునవి కాగితములే. క్రింది కోర్టులో బోనెక్కిన సాక్షి ప్రశ్న వినగానే తల వంచెనా, ఎదుటి అన్నను చూచి కన్నీరు పెట్టెనా, సర్వే నంబరు చెప్పుటకు తడబడెనా యనునవి అపీలు కోర్టు న్యాయమూర్తికి తెలియవు. సాక్షి ముఖమును చూచిన జడ్జి అభిప్రాయమును, చూడని జడ్జి తేలికగ త్రోసివేయరాదను నియమము ఇందువలననే పుట్టినది. క్రొత్త సాక్ష్యమునకు చోటు బహుస్వల్పము: క్రింది కోర్టు అన్యాయముగ నిరాకరించిన పత్రము, ఎంత శ్రద్ధ వహించినను అప్పుడు దొరకకుండినట్టి పత్రము, లేదా తీర్పు చెప్పుటకు కోర్టే కావలెనన్న పత్రము, ఇంతమాత్రమే.

ఇచ్చట నా వృత్తిజీవితమున నన్ను నేటికిని బాధించు సంఘటన యొకటి చెప్పవలసియున్నది. ఒక రైతు దావాలో ఓడిన పిదప, వానకాలమునకు ముందు ఇంటిలోని వడ్లగుమ్మిని దులుపుచుండగా, గుమ్మి అడుగున చుట్టి దాచిన పాత శిస్తు రసీదులు దొరకినవి. తండ్రి దాచినవి. వానిలో ఆ గెట్టు ప్రక్కనున్న భూమి వివరము స్పష్టముగ నుండెను. అతడు పరుగెత్తుకొని నా వద్దకు వచ్చెను. నేను అపీలులో వానిని స్వీకరింపుమని పిటిషను వేసితిని. కోర్టు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇవి ఎచ్చట నుండెను? ఇంటిలోనే ఉండెను. ఇంటిలోనున్నవానిని వెదకుటకు ఏ అడ్డు వచ్చెను? ఏ అడ్డును రాలేదు. పిటిషను కొట్టివేయబడెను, ఆ ఉత్తరువును నేను తప్పుపట్టజాలను. దావా వేయుటకు ముందు, మీ తండ్రి కాగితము లెచ్చట దాచెడివాడని ఆ రైతును నేను అడిగియుండవలసినది, అడుగలేదు. ఆ తరువాత నా వద్దకు వచ్చిన ప్రతివానిని, గుమ్మి మొదలు దూలము సందువరకు వెదకి రమ్మని పంపి, అటుపిమ్మటనే కలము పట్టితిని.

గడువు సంగతి వేగముగ చెప్పి ముందుకు పోవుదును. తీర్పు నకలు తీసికొనుటకు పట్టిన దినములు గడువులో లెక్కకు రావు. కావున తీర్పు వెలువడిన నాడే నకలుకు దరఖాస్తు పెట్టుట మేలు. ఆలస్యమైనచో తగిన కారణము చూపి క్షమింపుమని అడుగవచ్చును. సాంకేతికమైన పట్టుదల కంటె న్యాయము జరుగుట ముఖ్యమని సుప్రీంకోర్టు 1987లో చెప్పిన మాట పేదవానికి ఊరటయే. కాని ఊరటను నమ్ముకొని ఏండ్లతరబడి నిద్రించినవానికి ఆ తలుపు తెరువబడదు.

ఇక రెండవ అపీలు. కొండగట్టునుండి హైదరాబాదు సుమారు 200 కిలోమీటర్లు. మూసీ ఒడ్డున ఎఱ్ఱరాతితో కట్టిన ఆ హైకోర్టు భవనము ఎదుట తొలిసారి నిలిచిన పల్లెటూరివాడు, ఇంత పెద్ద ఇంటిలో నా మాట వినువాడొకడైన ఉండకపోవునా యని తలచును. అతనికి చెప్పవలసిన కఠినసత్య మేమనగా, ఆ ఇంటిలో అతని గెట్టు ఎచ్చటనున్నదను ప్రశ్నకు సామాన్యముగ చోటు లేదు. 1976లో సవరింపబడి 1977 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చిన సివిల్ ప్రొసీజర్ కోడు 100వ సెక్షను ననుసరించి, వ్యాజ్యములో సారవంతమైన న్యాయశాస్త్రప్రశ్న ఒకటైన ఉన్నగాని హైకోర్టు రెండవ అపీలును స్వీకరింపరాదు. స్వీకరించినచో ఆ ప్రశ్నను ముందుగ వ్రాసి, దానిమీదనే విచారణ జరుపవలెను. అన్నదమ్ములలో ఎవరు నిజము చెప్పిరనునది రెండు కోర్టులు తేల్చిన తరువాత అక్కడితో సమాప్తము. క్రింది కోర్టు వాస్తవనిర్ణయమున ఎంత పొరపడినను, ఆ కారణము మాత్రమున రెండవ అపీలు చెల్లదని లండనునందలి ప్రివీ కౌన్సిల్ 1890లోనే పలికినది.

సారవంతమైన ప్రశ్న యననేమి? దీనికి దేశమంతయు నేటికిని వాడుచున్న కొలబద్ద తెలుగువారి వ్యాజ్యమునుండియే పుట్టినదని చెప్పుటకు నాకు సంతోషముగ నున్నది. రిమ్మలపూడి సుబ్బారావు, నూని వీర్రాజుల నడుమ నడచిన వ్యాజ్యములో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఆ కొలబద్దను నిర్మించెను. 1962లో సుప్రీంకోర్టు దానిని ప్రధానముగ ఆమోదించెను. పై కోర్టులు ఇంతకుముందే తేల్చివేసిన ప్రశ్న సారవంతము కాదు. తేలిన సూత్రమును ఒకానొక వాస్తవమునకు అన్వయించుట మాత్రమే మిగిలినచో అదియును కాదు. తేలక యున్నది, సందేహమునకు తావిచ్చునది, కక్షిదారుల హక్కులను నిజముగ మార్చగలది సారవంతము. చూచితిరా, ఈ జల్లెడలో గెట్టురాయి నిలువదు. పూర్వము చట్టములేని కట్టుబాటు నొకదానిని క్రింది కోర్టు చట్టముగ భావించెనా, పత్రములోని మాటకు లేని అర్థమును కల్పించెనా, సాక్ష్యమే లేకుండ నిర్ణయము చేసెనా, ఇట్టివి నిలుచును. అడ్మిషను దశలోనే కొన్ని నిమిషములలో కొట్టివేయబడిన రెండవ అపీళ్లను నేను చూచితిని. న్యాయమూర్తి వినలేదని కక్షిదారుడు కుమిలిపోవును. న్యాయమూర్తి వినవలసిన ప్రశ్న ఆ కాగితములలో లేదని అతనికి ముందుగ ఎవ్వరును చెప్పియుండరు. అది మా వృత్తివారు చేయవలసిన పని, మేము చేయని పని.

నిగ్రానీ కావలియని ముందే చెప్పితిని. ఇక నజర్‌సానీ మరింత నియమబద్ధము. తీర్పు చెప్పిన న్యాయమూర్తి అందుబాటులోనున్నచో ఆయనయే తిరిగి చూడవలెను. 30 దినముల గడువు. కారణములు మూడు: ఎంత శ్రద్ధ వహించినను అంతకుముందు దొరకని ముఖ్యమైన క్రొత్త సంగతి, రికార్డు ముఖముననే కనబడు పొరపాటు, ఈ రెండింటికి సాటివచ్చు మరియొక కారణము. రెండవ కారణమును గూర్చి దేశములోని ప్రతి కోర్టును ఉదాహరించు తీర్పు మన కర్నూలునుండి పోయినదే. తుంగభద్ర ఇండస్ట్రీస్ అను ఆ కంపెనీ వేరుసెనగలను కొని, నూనె తీసి, శుద్ధిచేసి, హైడ్రోజనును కలిపి గడ్డకట్టించి అమ్ముచుండెను. వేరుసెనగ నూనెకు అమ్మకపు పన్నులో కొంత మినహాయింపు కలదు. గడ్డకట్టినది వేరుసెనగ నూనె కాదని పన్నుల శాఖ వాదించెను, హైకోర్టు ఒప్పుకొనెను. ఐనను ఒక సంవత్సరపు పన్ను విషయమున, ఇది సుప్రీంకోర్టు చూడదగిన ప్రశ్నయని అదే హైకోర్టు సర్టిఫికెటు ఇచ్చెను. సుప్రీంకోర్టు 1960లో, గడ్డకట్టినను అది వేరుసెనగ నూనెయేయని తేల్చెను. కాని ఈలోగా, 1959లో, మరికొన్ని సంవత్సరముల పన్నుకు సంబంధించి అదే ప్రశ్న తిరిగి రాగా, ఇందు సారవంతమైన ప్రశ్న యేదియు లేదని హైకోర్టు సర్టిఫికెటు నిరాకరించెను. రివ్యూ అడుగగా దానినిగూడ కాదనెను.

1963 అక్టోబరు 22న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు రెండు అంచుల కత్తి. రివ్యూ యనునది మారువేషము వేసికొన్న అపీలు కారాదు. తీర్పు తప్పై యుండుట వేరు, తప్పు ముఖముననే కనబడుట వేరు. దీర్ఘమైన వాదోపవాదములచేత నిరూపింపవలసిన తప్పు నజర్‌సానీకి అందదు. ఇది ఒక అంచు. ఐతే ఒకే ప్రశ్నను ఒకనాడు గొప్పదని సర్టిఫికెటు ఇచ్చి, మరియొకనాడు అది ప్రశ్నయే కాదనుట వేలెత్తి చూపదగిన పొరపాటు. రెండు అభిప్రాయములకు అవకాశము లేనిచోట కోర్టు తన తీర్పును తాను దిద్దుకొనవలసినదే. ఇది రెండవ అంచు. మన కోర్టులలో ఈ తీర్పు మొదటి సగమును చెప్పి రివ్యూను కొట్టివేయువారు ఎందరో. రెండవ సగమును జ్ఞాపకముంచుకొనువారు తక్కువ. తాను వ్రాసినదానిలో తప్పును తానే ఒప్పుకొనుటకు న్యాయమూర్తికి కావలసిన ధైర్యము, పరుల తప్పును దిద్దుటకు కావలసినదానికంటె పెద్దదని నా అభిప్రాయము.

క్రిమినలు వ్యాజ్యములలో ఆ రెండవ చూపునకు గూడ సామాన్యముగ చోటు లేదు. సంతకము చేసిన తీర్పులో వ్రాతపొరపాటు, లెక్కపొరపాటు తప్ప మరేదియు మార్చరాదని పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 362వ సెక్షను, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహిత 403వ సెక్షను చెప్పుచున్నవి. అందుకు బదులుగనో యన్నట్లు, మరణశిక్ష విషయమున మాత్రము చట్టము ఒక కావలిని కట్టుదిట్టముగ నిలిపినది: దోషి అపీలు చేసికొన్నను, చేసికొనకున్నను, సెషన్సు కోర్టు విధించిన ఉరిని హైకోర్టు ఖాయపరచనిదే అమలుపరచరాదు, కావలసినచో క్రొత్త సాక్ష్యమునుగూడ తీసికొనవచ్చును.

ఈ మెట్లన్నియు ఎక్కినవారు మన ఉత్తర తెలంగాణలోనే కలరు. ఆదిలాబాదు జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ లకు నక్సల్బరీ కాలపు రైతాంగ పోరాటములో జరిగిన హత్యకు మరణశిక్ష పడెను, హైకోర్టు ఖాయపరచెను, సుప్రీంకోర్టు నిరాకరించెను, రాష్ట్రపతికి పంపిన క్షమాభిక్ష విన్నపము తిరస్కృతమయ్యెను. తాము రాజకీయాశయముతో వర్తించినవారము గాని స్వార్థము కొరకు కాదను వాదముతో వారు తిరిగి సుప్రీంకోర్టు తలుపు తట్టిరి. 1975 నవంబరులో జస్టిస్ కృష్ణయ్యర్, మరణశిక్షయెడ తనకు గల వైముఖ్యము దాచుకొనకయే, క్షమాభిక్ష కార్యనిర్వాహకుల అధికారమనియు, అందు కోర్టు చేయి చాచుటకు అవకాశము అత్యల్పమనియు తీర్పు వ్రాసెను. దేశమున అత్యవసర పరిస్థితి నడచుచున్న కాలమది. డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో ఇద్దరిని ఉరితీసిరి. వారి మార్గమును సమర్థింపనివారు సైతము, అపీలు, విన్నపము, రిట్టు అని ఒక్కొక్క తలుపే మూసికొనిపోయిన ఆ క్రమమును చదివినపుడు నిట్టూర్పు విడువక మానరు.

అంతకు పావు శతాబ్దము పూర్వము మరియొక విచిత్రము జరిగెను. హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరులో లొంగిన పిదప ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ పోరాటమున పాల్గొన్న పన్నెండుగురు రైతులకు 1949లో మరణశిక్ష విధించెను; ఆ డిసెంబరులో హైకోర్టు వారి అపీళ్లను త్రోసివేసెను. నెలన్నర తిరుగకముందే, 1950 జనవరి 26న, రాజ్యాంగము పుట్టినది, సుప్రీంకోర్టు పుట్టినది. ఆ క్రొత్త మెట్టు ఎక్కగలమని వారు పోగా, మీ తీర్పు వెలువడిన నాటికి హైదరాబాదు కోర్టు మా పరిధిలోనిది కాదని ఆ కోర్టు చెప్పెను. బ్రిటిషు న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించెను. విచారణ సక్రమముగ జరుగలేదన్న మరియొక పిటిషనుకు, అధికారము గల కోర్టు పొరపడినచో దానిని దిద్దవలసినది అపీలేయని 1951 మార్చిలో సమాధానము వచ్చెను. ఆ అపీలు ముగిసి ఏడాది దాటినది. చివరకు ప్రాణములు దక్కినవి, శిక్షలు తగ్గింపబడినవి; దక్కించినది మాత్రము న్యాయస్థానము కాదు, పాలకుల దయ. కొద్ది వారముల తేడాలో ఒక మెట్టు అందకుండ పోవుట యననేమో ఈ వ్యాజ్యమును మించి చూపునది నేనెరుగను.

ఆదిలాబాదు ఏజెన్సీ గ్రామములలో భూమి బదలాయింపు వ్యాజ్యములకు మార్గమే వేరు. అచ్చట విచారించువారు రెవెన్యూ అధికారులు, అపీలు వినువారును ప్రభుత్వ ప్రతినిధులే. హైకోర్టు రిట్టు రూపమున తరువాత వచ్చును. దానికి ప్రత్యేక ప్రసంగము కావలెను.

చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. హైకోర్టు భాష ఇంగ్లీషు. 2023 జూనులో జస్టిస్ నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక కూర్చున్న తెలంగాణ హైకోర్టు ధర్మాసనము ఒక ఆస్తి వివాదపు అపీలులో తెలుగున తీర్పు వెలువరించినపుడు నేను ఎంతగ ఉప్పొంగితినో చెప్పలేను. ఐనను అది అరుదైన సంఘటన. ఓడినవాడు తానెందుకు ఓడెనో తనకు తానుగ చదువుకొనలేని తీర్పు, ఎంత చక్కనిదైనను, అతని వరకు చేరనట్లే.

కొంతకాలము క్రిందట కొండగట్టు బస్టాండులో ఒక వృద్ధుడు నన్ను గుర్తుపట్టి ప్రక్కన కూర్చుండెను. రెండవ అపీలు పోయినది. సంచిలోనుండి తీర్పు తీసి నా చేతికిచ్చెను. నేను ఒక్కొక్క పేరాను తెలుగుచేసి చదివి వినిపించుచుండగా, ఆయన చట్టము సంగతి వచ్చినచోట దూరముగ కొండవైపు చూచుచు, తన ఊరిపేరు వచ్చినచోట తల ఊపుచు వినెను. అంతయు ముగిసిన తరువాత, "వకీల్ సాబ్, బోనుల నిలబడి నేను చెప్పిన ముచ్చట ఇండ్ల ఏడన్న రాసిండ్రా?" అని అడిగెను. నేను వెనుకకు తిరుగవేసి చూచితిని. నాల్గవ పేరాలో, తండ్రి బ్రతికియున్ననాటినుండి ఆ పొలము తానే దున్నుచున్నానని వాది సాక్ష్యమిచ్చెనని ఒక వాక్యము కలదు. చదివితిని. "ఇంకోపారి చదువుండ్రి" అనెను. జగిత్యాల బస్సు వచ్చి నిలిచినది, ఆయన లేవలేదు. నేను ఆ వాక్యమును మరల చదివితిని.